కొంగల ఊరికి చెరువు మీద హక్కు కావాలి

వీరాపురం శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని చిన్న పల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగేదాకా అనంతపురం జిల్లాలో ఉండేది. ఏటా సంక్రాంతికి అటూ ఇటూగా ఎర్రకాళ్ల కొంగలు ఈ ఊరికొచ్చి చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. పిల్లలకు రెక్కలొచ్చాక, ఆగస్టు నాటికి వెళ్లిపోతాయి. వీటికి కాపలా కంచె కాదు, ఊరి కట్టుబాటు. కొంగలొస్తే వానలొస్తాయని వీరాపురం నమ్మకం. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్ని చూసుకున్నట్టు ఊరు వాటిని చూసుకుంటుంది. వాటిని ఎవరూ కొట్టరు, కొట్టనివ్వరు.

సముద్రతీరాల్లో కొన్ని బెస్తపల్లెలు కూడా ఇలాగే కట్టుబాటుతో తమ ముందున్న నీటిలో కొంత భాగాన్ని వేటకు దూరంగా ఉంచి, దాని చుట్టూ చేపల వేటనూ పర్యాటకాన్నీ నడుపుకుంటున్నాయి. అనంతపురం పీఠభూమిలో సముద్రానికి బదులు చెరువు ఉంది. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలలో కొంగకైనా, చేపలు పట్టేవాడికైనా, ఆయకట్టు రైతుకైనా ఆధారం అదే. వీరాపురం ఇన్నేళ్లుగా తనవంతు పని చేసింది. ఆ పనికి తగిన హక్కు మాత్రం ఇప్పటికీ దక్కలేదు.

ఈ కొంగలు సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అనుకుంటారు, పత్రికలూ అలాగే రాస్తాయి. అది నిజం కాదు. ఎర్రకాళ్ల కొంగ దక్షిణాసియా పక్షి. గూళ్ల కాలం అయ్యాక నీళ్లున్న చెరువుల్ని, వాగుల్ని వెతుక్కుంటూ తిరుగుతుందే తప్ప దేశాలు దాటి మంచు ప్రాంతాలకు పోదు. ఈ తేడా చిన్నది కాదు. ఆరునెలల అతిథి అనుకుంటే ఊళ్లో నాలుగు చెట్లు మిగిల్చితే చాలనిపిస్తుంది. ఇక్కడి పక్షే అని తెలిస్తే చుట్టూ ఉన్న చెరువులన్నిటి బాగోగులూ లెక్కలోకి వస్తాయి.

ఈ కొంగ తిండి దాదాపు పూర్తిగా చేపలే. కంటితో చూసి పొడిచే రకం కాదు. పిల్లకాలువల్లో, చెరువు అంచుల్లో కాళ్లు మునిగేంత నీళ్లలో నిలబడి, పొడుగాటి పసుపు ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచి, తలను అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. ముక్కుకు చేప తగలగానే చటుక్కున మూసేస్తుంది. కాబట్టి దానికి లోతు నీళ్లు పనికిరావు. జానెడు లోతున్న అంచు నీళ్లు కావాలి. గుడ్డు పిల్ల కావడానికి నెల, పిల్ల ఎగరడానికి మరో రెండు నెలలు పడుతుంది. పిల్లల ఆకలి ఎక్కువగా ఉండే మార్చి, జూన్ నెలల మధ్యనే సీమ చెరువులు నెర్రెలు విచ్చుతాయి. కొంగలకు అసలు గండం ఇక్కడుంది. చెట్టును ఎంత కాపాడినా చెరువు ఎండితే గూటిలో పిల్ల బతకదు.

చెరువులు తగ్గినకొద్దీ పక్షులన్నీ మిగిలిన ఒకటి రెండు గుంటల మీద పడతాయి. తిండి దొరికినా కొత్త ముప్పు ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కొన్నేళ్ల కిందట గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులే కారణమని తేలింది. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులోనూ 2017 చివర్లో ఇదే జరిగింది. కాబట్టి చెరువు నీళ్లు, అందులోని చేపల ఆరోగ్యం కూడా పక్షి సంరక్షణలో భాగమే.

ఊరికి ఈ కాపలా ఉచితంగా రాదు. చింతకాయలు దులిపే కాలం, కొంగలు గూళ్లలో కూర్చునే కాలం ఒకటే. దులిపితే గూళ్లు పోతాయి, దులపకపోతే చింతపండు డబ్బు పోతుంది. ఇంటి కప్పుల మీద, వాకిళ్లలో నెలల తరబడి రెట్టలు, కుళ్లిన చేపల వాసన. ఈ నష్టాన్ని కొక్కరె బెళ్లూరులో ప్రభుత్వం గుర్తించింది. అక్కడ గూళ్లున్న చెట్ల యజమానులకు కర్ణాటక అటవీశాఖ 1970ల నుంచే పరిహారం ఇస్తోంది. గూళ్ల నుంచి జారిపడిన పిల్లల్ని పెంచి వదిలే పనిని ఊరి యువకుల బృందం, హెజ్జార్లె బళగ, తలకెత్తుకుంది. రెట్టలు పొలాలకు ఎరువయ్యాయి. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వ్‌గా ప్రకటించారు. అంతకన్నా తక్కువ గుర్తింపుతో వీరాపురాన్ని సరిపెట్టుకోమనడం న్యాయం కాదు.

చట్టంలో దారి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం ప్రజలు ముందుకొస్తే ప్రైవేటు, ఉమ్మడి భూముల్ని కమ్యూనిటీ రిజర్వ్‌గా ప్రకటించవచ్చు. నిర్వహణ కమిటీలో గ్రామ పంచాయతీ ఎంపిక చేసిన సభ్యులదే మెజారిటీ, అటవీశాఖకు ఒక్కరే ప్రతినిధి. ఇళ్ల మధ్య చెట్లకు ఈ ఏర్పాటు సరిపోతుంది. చెరువు మాత్రం ప్రభుత్వ భూమి, దానికి ఇది వర్తించదు. అందుకని చెట్లకు కమ్యూనిటీ రిజర్వ్, చెరువుకు నీటిపారుదల, మత్స్యశాఖలతో పంచాయతీ రాతపూర్వక ఒప్పందం, రెండూ కలిసి రావాలి. ఒకటి వదిలేసి మరొకటి చేస్తే పని సగంలో ఆగుతుంది.

ఒప్పందంలో ఏముండాలన్నది కష్టమైన ప్రశ్నేమీ కాదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు లాంటి చేపలు చెరువులో గుడ్లు పెట్టవు. ఏటా వానాకాలంలో పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే. అప్పటికి కొంగలు గూళ్లు వదిలి వెళ్లి ఉంటాయి. అవి తిరిగొచ్చేసరికి పెంపుడు చేప పెరిగి లోతుకు చేరుతుంది. అంచున తిరిగే చిల్లర చేపలే కొంగకు ఎక్కువగా దొరుకుతాయి. అంటే బెస్తల చేపకూ కొంగ చేపకూ పోటీ జనం అనుకునేంత లేదు. చెరువులో ఒక పక్క అంచును జనవరి నుంచి ఆగస్టు దాకా వలలకు దూరంగా ఉంచి, ఆ మేరకు బెస్తలు కట్టే చేపల గుత్త డబ్బు తగ్గిస్తే చాలు. హంద్రీనీవా నీళ్లు హిందూపురం, లేపాక్షి ప్రాంతానికి చేరాయి కాబట్టి వేసవిలో ఆ అంచు తడిగా ఉంచేంత నీటిని కేటాయించడం కూడా సాధ్యమే.

ఇక పర్యాటకం. లేపాక్షి దగ్గరలోనే ఉంది. అక్కడి వీరభద్రస్వామి ఆలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. బెంగళూరు-హైదరాబాద్ రహదారి ఈ మండలం గుండానే పోతుంది. లేపాక్షి చూడటానికొచ్చేవాళ్లలో కొందరు వీరాపురం వచ్చినా ఊరికి ఆదాయమే. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందన్నదే కీలకం. ఫిలిప్పీన్స్‌లోని అపో ద్వీపంలో బెస్తలు 1982లో సిల్లిమన్ విశ్వవిద్యాలయం సాయంతో పగడపు దిబ్బలో కొంత భాగాన్ని వేటకు నిషేధించారు. చేపలు పెరిగాయి, పర్యాటకులొచ్చారు, రుసుముతో ఊరు బాగుపడింది. 1994లో ఆ ప్రాంతం జాతీయ రక్షిత వ్యవస్థలోకి వెళ్లాక అధికారం ఊరి చేతినుంచి జారింది, తమ డబ్బు కోసమే అక్కడివాళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. గుర్తింపు ఇచ్చే పేరుతో పెత్తనం తీసుకోవడం ఎంత నష్టమో అపో చూపిస్తోంది. వీరాపురంలో సందర్శకుల రుసుము పంచాయతీ ఖాతాలోనే పడాలి. అందులోంచి ముందుగా చింతచెట్ల యజమానులకు పరిహారం అందాలి.

రానున్న గూళ్ల కాలానికి ముందే జిల్లా యంత్రాంగం వీరాపురంలో గ్రామసభ జరపాలి. అటవీ, నీటిపారుదల, మత్స్యశాఖల అధికారులు ముగ్గురూ ఆ సభలో కూర్చోవాలి, ఊరు ఒప్పుకున్న షరతుల్నే రాతలో పెట్టాలి.