ఈ ఐపీ ఎవరిచ్చారు?

అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లలో రాత్రయితే వినిపించే ఫిర్యాదు ఒకటే: వైఫై కనెక్ట్ అవుతోంది, నెట్ రావడం లేదు. ల్యాప్‌టాప్‌లో చూస్తే 169.254తో మొదలయ్యే ఐపీ కనిపిస్తుంది. అడిగినా ఎవరూ అడ్రస్ ఇవ్వనప్పుడు యంత్రం తనకు తానే పెట్టుకునే నంబరది. వార్డెన్ వచ్చి రౌటర్ ఆపి మళ్లీ వేస్తాడు. మర్నాడు మామూలే. అందరూ దీన్ని చికాకుగా చూస్తున్నారు తప్ప ప్రమాదంగా చూడటం లేదు.

చాలాచోట్ల అసలు కారణం అడ్రస్‌లు అయిపోవడమే. రౌటర్ వంద అడ్రస్‌లే పంచేలా పెట్టి, ఒక్కొక్కటి 24 గంటలు పట్టి ఉంచితే, తలా రెండు పరికరాలున్న 60 మంది హాస్టల్‌లో చివర వచ్చినవాడికి ఏమీ మిగలదు. గడువు తగ్గించి, సంఖ్యను 200కు పెంచితే తీరిపోతుంది.

భయమంతా ఆ పని చేయకుండా తొక్కే అడ్డదారితోనే. ఎవరో ఒక పాత రౌటర్ తెచ్చి, గోడలోంచి వచ్చే కేబుల్‌ను దాని ల్యాన్ పోర్టులో గుచ్చేస్తారు. ఇక అక్కడ అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరు. ఇలా అడ్రస్‌లు పంచడానికి నేటికీ ఆధారంగా ఉన్న 1997 నాటి డీహెచ్‌సీపీ ప్రమాణం, పంచేది ఎవరని ఆరా తీయదు. 2001లో గుర్తింపు తనిఖీ పద్ధతి ఒకటి రాసిపెట్టినా అది కాగితం మీదే మిగిలిందనాలి. ఫోను నెట్‌వర్క్ మొత్తానికి వినపడేలా అడ్రస్ అడుగుతుంది. మామూలుగా ముందొచ్చిన జవాబునే పట్టుకుంటుంది. ఆ జవాబులో నెట్‌కు దారి అయిన గేట్‌వే కూడా ఉంటుంది, బ్యాంకు పేరు టైపు చేస్తే ఏ డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడగాలో కూడా ఉంటుంది.

తెలియక పెట్టిన రౌటర్ వల్ల నెట్ ఆగిపోతుంది కాబట్టి పట్టుబడుతుంది. కావాలని పెట్టింది అలా పట్టుబడదు. నెట్ చక్కగా వస్తూనే ఉంటుంది, డీఎన్‌ఎస్ మాత్రం వేరొకరిది. ఇది ఊహ కాదు. డీఎన్‌ఎస్‌ఛేంజర్ వైరస్‌లో 2008 చివర్లో బయటపడ్డ రకం, తాను సోకిన కంప్యూటర్‌నే డీహెచ్‌సీపీ సర్వర్‌గా మార్చి, పక్కనున్న వైరస్ లేని యంత్రాలకూ దొంగ డీఎన్‌ఎస్ అంటగట్టింది. 2011 నవంబరులో ఎఫ్‌బీఐ డీఎన్‌ఎస్‌ఛేంజర్ వెనకున్న ముఠా గుట్టు రట్టు చేసేనాటికి వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆఫీసు వీపీఎన్ ఉంది కదా అనే ధీమా కూడా చెల్లదు. డీహెచ్‌సీపీ జవాబులో దారులు చొప్పించి, ట్రాఫిక్‌ను వీపీఎన్ బయటికి మళ్లించవచ్చని 2024 మేలో పరిశోధకులు చూపించారు. బ్రౌజర్ ‘కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని ఎర్రగా హెచ్చరిస్తే అదే చివరి కాపలా. దాన్నీ నొక్కేసి ముందుకుపోయేవారికి ఏ టెక్నాలజీ అడ్డుపడుతుంది?

పసిగట్టడం కష్టం కాదు. ఒకే గదిలో ఇద్దరు వైఫై వివరాలు తెరిచి గేట్‌వే, డీఎన్‌ఎస్ పోల్చుకోవాలి. ఒకరికి 192.168.1.1, మరొకరికి 192.168.0.1 వస్తే రెండో రౌటర్ ఎక్కడో ఉన్నట్టే. స్విచ్ దగ్గర కేబుళ్లు ఒక్కొక్కటే పీకుతూ పోతే అది ఏ గదిదో తేలుతుంది. నిజంగానే సిగ్నల్ కోసం పెట్టినదైతే, దాని డీహెచ్‌సీపీ ఆపి, వేరే ఐపీ ఇచ్చి వాడుకోవచ్చు. డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉన్న మేనేజ్డ్ స్విచ్ పెడితే అనుమతి లేని పోర్టు నుంచి వచ్చే జవాబులను అదే ఆపేస్తుంది. మంచం అద్దెలో వైఫై కలిపి వసూలు చేసే యజమానులు ఆ ఖర్చు భరించాల్సిందే.

ఇక అడ్మిన్ పాస్‌వర్డ్ ‘అడ్మిన్’గానే వదిలేసిన హాస్టళ్లలో దొంగ రౌటర్ కూడా అక్కర్లేదు. అక్కడ బస చేసే ఎవరైనా ఉన్న రౌటర్‌లోకే వెళ్లి డీఎన్‌ఎస్ మార్చేయగలరు. ఆ పాస్‌వర్డ్ ఈ రోజే మార్చాలి.