కాలు పంచినంత మాత్రాన నడక రాదు

ప్రమాదంలోనో, షుగర్ జబ్బు ముదిరో కాలు పోగొట్టుకున్న మనిషి మళ్లీ నడవాలంటే కృత్రిమ కాలు, పట్టుదల ఉంటే చాలన్న నమ్మకం మన సమాజంలో పాతుకుపోయింది. ఉచిత శిబిరాలు, వాటి ప్రారంభోత్సవాలు, ఎన్ని కాళ్లు పంచారన్న లెక్కలు అన్నీ ఈ నమ్మకం మీదే సాగుతున్నాయి. ఇచ్చిన కాలును మూలన పెట్టి చంకకర్రలతో తిరిగే మనిషిని సోమరి అంటారు. ఈ మాట అన్యాయం, అశాస్త్రీయం కూడా.

ఈ నమ్మకానికి బలమిచ్చినవి రెండు నిజమైన విజయాలు. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదం తర్వాత కాలు కోల్పోయిన సుధా చంద్రన్ జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేశారు. ఆమె కథతో వచ్చిన 'మయూరి' సినిమాలో ఆమే నటించగా ఆ కథను తెలుగువాళ్లు ఇంటింటా చెప్పుకున్నారు. 2011లో రైలు కింద కాలు పోయిన అరుణిమా సిన్హా 2013లో ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్ల పట్టుదల గొప్పదే. అయితే ఇద్దరిదీ పడుచు వయసు. ఇద్దరికీ కాలు పోయింది ప్రమాదం వల్లే గాని రక్తనాళాల జబ్బు వల్ల కాదు. ఇద్దరికీ మోకాలు మిగిలింది. ఇద్దరికీ సుదీర్ఘమైన శిక్షణ దొరికింది. ఈ నాలుగూ లేని అరవై ఏళ్ల రైతును వాళ్లతో పోల్చి తప్పు పట్టడం తగదు.

నడకను అన్నిటికంటే ముందు నిర్ణయించేది మోకాలు. మోకాలి కింద కాలు తీసేస్తే అదే దూరం నడవడానికి మామూలు కంటే 10 నుంచి 40 శాతం దాకా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. మోకాలి పైన తీసేస్తే ఆ అదనపు ఖర్చు తరచుగా 60 శాతం దాటుతుంది. అందుకే వాళ్లు నెమ్మదిగా నడుస్తారు, తొందరగా అలిసిపోతారు. వీలున్న చోట మోకాలిని కాపాడిన సర్జన్ రోగికి చేసే మేలు ఏ ఖరీదైన పరికరమూ చేయలేదు. పుండు పట్టిన పాదంతో ఆలస్యంగా ఆసుపత్రికి చేరితే ఆ అవకాశం కూడా మిగలదు.

కాలు ఎందుకు పోయిందన్నదీ ముఖ్యమే. షుగర్ వల్ల కాలు పోయిన మనిషికి మిగిలిన కాలిలోనూ తరచుగా స్పర్శ తగ్గి, రక్తప్రసరణ మందగించి ఉంటుంది. గుండె, కళ్లు, కిడ్నీలు కూడా దెబ్బతిని ఉండవచ్చు. శరీరం బరువంతా ఆ ఒక్క పాదం మీద పడితే దానికీ పుండు పడే ముప్పుంది. మళ్లీ నడవగలిగేది ఎవరన్న విషయంపై వచ్చిన అధ్యయనాలను బ్రిటన్ పరిశోధకులు 2009లో సమీక్షించారు. వయసు, కాలు ఎక్కడ తీసేశారన్నది, ఒంటికాలిపై నిలబడగలగడం, ఒంటి సత్తువ, చెప్పింది గుర్తుంచుకునే శక్తి నడకను ప్రభావితం చేస్తాయని తేల్చారు. శిక్షణ మొదలు కావడంలో జాప్యం జరిగితే ఫలితం తగ్గుతుందని కూడా చెప్పారు. వీటిలో ఏదీ శిబిరంలో పంచిపెట్టేది కాదు.

ఆపరేషన్ తర్వాతి తొలి వారాల్లోనే చాలామంది నడక చెడిపోతుంది. నొప్పి తగ్గుతుందని ఇంటివాళ్లు ప్రేమగా మొండి కాలి కింద దిండు పెడతారు. రోజుల తరబడి మోకాలు వంగే ఉండడంతో వెనక కండరాలు బిగుసుకుపోతాయి. ఆ మోకాలు తర్వాత చాపినా పూర్తిగా సాగదు. అలాంటి కాలికి ఎంత మంచి పరికరం తొడిగినా అడుగు సరిగా పడదు. దిండు పెట్టొద్దని, మోకాలు చాచి ఉంచాలని, రోజూ కాసేపు బోర్లా పడుకోవాలని, మొండికి కట్టు ఎలా కట్టాలో ఆసుపత్రి వార్డులోనే నేర్పాలి. ఆ పని ఫిజియోథెరపిస్టుది.

తర్వాతిది సాకెట్. డాక్టర్ పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ 1960ల చివర్లో రూపొందించిన జైపూర్ పాదం గొప్పతనం కాదనలేనిది. చెప్పులు లేకుండా నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి, పొలం గట్టు ఎక్కడానికి వీలిచ్చింది. ధర కూడా పేదవాడికి అందుబాటులోకి తెచ్చింది. కాని బరువు మోసేది మొండిని పట్టి ఉంచే సాకెట్. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలపాటు మొండి సన్నబడుతూనే ఉంటుంది. ఒక్క రోజులో కొలత తీసి తొడిగిన సాకెట్ కొద్ది నెలలకే వదులవుతుంది. అడుగడుక్కీ మొండి లోపల పైకీ కిందికీ జారుతుంది, చర్మం ఎర్రబడి చిట్లుతుంది. ఆ పుండు మానేదాకా కాలు తొడగకూడదు. అప్పటికి శిబిరం ఎత్తేసి వెళ్లిపోయి ఉంటుంది.

కడప జిల్లా ఎర్రగుంట్ల లాంటి ప్రాంతంలో ఈ కష్టం రెట్టింపవుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే వేడిలో ప్లాస్టిక్ సాకెట్ లోపల చెమట నిండుతుంది. మేజోడు తడిసి మొండి జారుతుంది. ఇళ్లలో పరిచిన నున్నని నాపబండ తడిస్తే రెండు కాళ్లున్నవాళ్లే జారుతారు. నాపరాళ్ల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో బండలు ఎత్తే కూలీకి ఇంట్లో నాలుగడుగులు వేయగలగడంతో బతుకు తెరువు తిరిగి రాదు. గని అంచున రాళ్ల గుట్టలు దాటాలి, స్టేషన్ మెట్లు ఎక్కాలి, ఎత్తైన బస్సు మెట్టు అందుకోవాలి. సాకెట్ బిగించుకోవడానికి కడపకో తిరుపతికో వెళ్లాలంటే ఒక రోజు కూలి, తోడు వచ్చేవారి కూలి, చార్జీలు కలిసి మోయలేని భారమవుతాయి. ఇన్ని అడ్డంకుల మధ్య కాలు మూలన పడితే దాన్ని బద్ధకమనడం ఎంత దారుణం!

దాతల మనసును ఎవరూ శంకించనక్కర్లేదు. మార్చుకోవాల్సింది లెక్క. ఎన్ని కాళ్లు పంచారన్నది కాక, ఏడాది తర్వాత ఎంతమంది వాటితో నడుస్తున్నారన్నది లెక్కకు రావాలి. ఆ లెక్క పెట్టాలంటే కాలు ఇచ్చినవాళ్లు మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో మరోసారి అదే ఊరికి తిరిగి రావాలి, సాకెట్ సరిచేయాలి, మిగిలిన పాదాన్ని పరీక్షించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాలు తీసే రోజునే నడక శిక్షణకు పేరు నమోదు కావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పునరావాసాన్ని ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. పరికరం చేతికివ్వడంతో ఆ బాధ్యత తీరదు. మనిషి తన పని మీద తాను వెళ్లి రాగలిగినప్పుడే తీరుతుంది.