మనవాళ్ళెందరు?

2025 ఏప్రిల్ 22వ తేదీ సాయంకాలం నేను కోర్టు నుంచి ఇల్లు చేరేసరికి మా వీధిలో ప్రతి ఇంటి టీవీలోనూ ఒకటే వార్త. కాశ్మీరులో పహల్గాం సమీపాన, బైసరన్ అనే పచ్చిక మైదానంలో, సెలవులు గడపడానికి వెళ్ళిన యాత్రికులపై ఉగ్రవాదులు కాల్పులు జరిపారు. మృతులు 26 మంది అని లెక్క తేలడానికి ఆ రాత్రంతా పట్టింది. ఆ లెక్క తేలకముందే రెండవ లెక్క మొదలయింది. తెలుగు చానళ్ళు తెలుగువారెందరని వెతికాయి. కన్నడ చానళ్ళు కన్నడిగులెందరని వెతికాయి. సరిహద్దు జిల్లా వాళ్ళం కనుక మా ఇంట్లో రెండూ చూస్తాము.

మా అమ్మ టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే, "మనవాళ్ళెందరు నాయనా?" అని అడిగింది.

"ఏ మనవాళ్ళమ్మా?" అన్నాను. ఆమె సమాధానం చెప్పలేదు. నా దగ్గరా లేదు.

ఆ ప్రశ్నను నేను ఎగతాళి చేయడం లేదు. ఎక్కడ ఏ ఘోరం జరిగినా ముందు తన వారి క్షేమం తెలుసుకోగోరడం మానవ సహజం. బైసరన్‌లో హంతకులు మతమడిగి మరీ కాల్చారని ప్రాణాలతో బయటపడినవారు చెప్పారు. యాత్రికులను కాపాడబోయి గుర్రాలు నడిపే స్థానిక ముస్లిం యువకుడు కూడా వారి తూటాలకే బలయ్యాడు. చంపడానికి అడిగిన ప్రశ్ననూ, ఏడవడానికి అడిగిన ప్రశ్ననూ ఒకే గాటన కట్టేటంత అవివేకిని కాను. అయితే రెండవ ప్రశ్నకు మన దేశంలో అలవాటుగా వచ్చే జవాబు భాషను బట్టి కాదు, రాష్ట్రాన్ని బట్టి వస్తుంది. నా అభ్యంతరమల్లా అక్కడే.

దాడి జరిగిన గంటల్లోనే రాష్ట్ర ప్రభుత్వాలు ఎవరికి వారు తమ ప్రజల కోసం సహాయ కేంద్రాలు తెరిచాయి, ఫోను నంబర్లు ప్రకటించాయి. అది అవసరమైన పనే, మెచ్చుకోవలసిన పనే. మృతులలో ఒకరు పుట్టింది ఆంధ్రలో, స్థిరపడింది కర్ణాటకలో. ఆయన పేరు ఇరు రాష్ట్రాల పత్రికల జాబితాలలోనూ కనిపించింది. ఆయనకు ఆంధ్రలో ఒక సొంత ఊరు ఉంది గనుక అలా జరిగింది. మరి ఆంధ్రలో సొంత ఊరంటూ లేని తెలుగువాడి సంగతి ఏమిటి? కోలారు, బళ్ళారి, పావగడ, హోసూరు, బరంపురం ప్రాంతాలలో మన పూర్వులు ఎన్నో తరాలుగా ఉన్నారు. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా తెలుగు మాతృభాషగా గలవారున్నారు. వీరిలో ఒకడు రేపు ఏ రైల్వే స్టేషనులోనో పేలుడుకు బలయితే తెలుగు చానలుకు అతడు కర్ణాటకవాడు, కన్నడ చానలుకు ఇంటిపేరు చూడగానే తెలుగువాడు. బతికి ఉండగా రెండు గుంపులలోనూ సగం సగం చోటు దొరికిన మనిషికి చచ్చాక ఒక్క లెక్కలోనూ పూర్తిచోటు దొరకదు.

ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు 2007 ఆగస్టు 25 గుర్తుకు వస్తుంది. హైదరాబాదులో ఆ సాయంత్రం కోఠి గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో బాంబులు పేలి నలభై మందికి పైగా చనిపోయారు. లుంబినీ పార్కులో లేజర్ ప్రదర్శన చూడవచ్చి మరణించినవారిలో మహారాష్ట్రలోని సంగమనేరు నుంచి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులున్నారు. బిడ్డల కోసం పరుగెత్తి వచ్చిన ఆ తల్లిదండ్రులకు తెలుగు రాదు. ఆసుపత్రి ఆవరణలో, శవాగారం గుమ్మంలో, పోలీసు కాగితాల ఎదుట వారు ఏ భాషలో తమ పిల్లలను గుర్తుపట్టి చెప్పి ఉంటారో ఒక్కసారి ఊహించండి. హైదరాబాదులో తరతరాలుగా మరాఠీ కుటుంబాలున్నాయి. వారిని పిలవాలన్న నియమం ఎక్కడా లేదు. తెలుగు ఏలుబడిలో అల్పసంఖ్యాక భాషవారికి జరిగేది, ఇతర ఏలుబడులలో మనకు జరిగేది ఒకటే కథ. మనం హక్కులడిగేటప్పుడు ఈ రెండవ వైపు మరచిపోతే మన వాదానికి బలముండదు.

ఉగ్రవాద దాడిలో మరణించినవారి దావా ఏదీ నా చేతికి రాలేదు. రాకూడదనే కోరుకుంటాను. కాని అదే మార్గంలో నడిచే ఒక కాగితం నా చేతికి వచ్చింది. కొన్నేళ్ళ క్రితం మా సరిహద్దు గ్రామానికి చెందిన ఒక యువకుడు మహారాష్ట్రలోని ఒక నగరంలో పనిచేస్తూ కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. తండ్రి చిన్న రైతు. తెలుగు వచ్చు, కన్నడం వచ్చు, ఆ రెండూ అక్కడ చెల్లవు. శవపంచనామా సమయంలో అతని వాఙ్మూలం మరాఠీలో రాశారు. దుబాసీగా నిలబడింది పక్కనున్న ఎవరో, సగం హిందీ తెలిసినవాడు. తండ్రి చెప్పింది: "వాడు ఇక్కడ వేరేగా గది తీసుకుని ఉంటాడు, నెలనెలా మాకు డబ్బు పంపుతాడు." కాగితం మీదకు ఎక్కింది మొదటి సగమే. కుమారుడు తండ్రికి వేరుగా నివసించేవాడు అని ఉంది, అంతే. కింద తండ్రి సంతకం తెలుగులో ఉంది.

అప్పటికి అమలులో ఉన్న 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో విధవ తల్లికి మినహాయింపు ఉండేది గాని, తండ్రి మాత్రం కొడుకు సంపాదన మీద కొంతైనా ఆధారపడినవాడని రుజువు కావలసి ఉండేది. ఎదుటి పక్షం వకీలు ఆ ఒక్క వాక్యం పట్టుకున్నాడు. ఆయన తన పని తాను చేశాడు, తప్పుపట్టను. మనియార్డరు రసీదులు, ఊరి కిరాణా కొట్టు ఖాతా, పోస్టుమాను సాక్ష్యం పోగుచేసి ఆ సగం వాక్యాన్ని తిరిగి నిలబెట్టడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఆ ముసలాయన నా గదికి వచ్చిన ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: "నేను చెప్పినాను సారూ, వాళ్ళు రాసుకోలేదు."

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. కోర్టులో సాక్షి కోర్టు భాష కాక మరో భాషలో చెబితే వీలైనచోట ఆ భాషలోనే నమోదు చేయవచ్చును, వీలుకానిచోట సరైన అనువాదం తయారు చేయాలి. నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే అతనికి తెలిసిన భాషలో వివరించి తీరాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులోనూ ఈ నిబంధనలున్నాయి, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉన్నాయి. మంచిదే. అయితే కోర్టు గడపకు చాలా ముందే, శవాగారం బయట బల్ల మీద రాసే కాగితం దగ్గర, చచ్చినవాడి తండ్రికి దుబాసీ కావాలని అంత స్పష్టంగా ఎక్కడా రాసిలేదు. హంతకుడికి ఉన్న భాషాహక్కు హతుడి తండ్రికి లేదన్నమాట. హంతకుడిది తీసివేయమని నేననను. తండ్రికీ ఇవ్వమంటున్నాను.

ఉగ్రవాద, మతోన్మాద, నక్సలైటు హింసలో మరణించిన పౌరుల కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వ సహాయ పథకం ఒకటి 2008 నుంచి ఉంది. మొదట మూడు లక్షలు, 2016 నుంచి అయిదు లక్షలు. రాష్ట్రాలు ప్రకటించే సొమ్ము దీనికి అదనం. ఏ సొమ్ముకైనా దారి జిల్లా యంత్రాంగం గుండానే పోతుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబసభ్యుల ధ్రువపత్రం, వారసుల అంగీకారపత్రం, ఎక్కువగా స్థానిక అధికారభాషలో ఉంటాయి. శోకంలో ఉన్న మనిషి తన మాతృభాషలో ఉన్న కాగితాన్నే సరిగా చదవలేడు. పరాయి లిపిలో ఉన్నదాన్ని ఏం చదువుతాడు? చూపినచోట సంతకం పెడతాడు.

మన రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ వ్యక్తి అయినా తన బాధ నివారణ కోసం కేంద్రంలో గాని, ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నపం ఇచ్చుకోవచ్చు. 1956 నాటి భాషా అల్పసంఖ్యాకుల రక్షణల పత్రం ఇంకా ముందుకు వెళ్ళి, జనాభాలో 15 నుంచి 20 శాతం ఉన్న భాషవారికి ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలోనూ ప్రచురించాలని చెప్పింది. మన సరిహద్దు తాలూకాలు అనేకం ఈ గీతకు ఎంతో పైన ఉన్నాయి. బడి గురించి, బోర్డుల గురించి ఈ నిబంధనలను మనం వందసార్లు ఉటంకించాము. మరణం గురించి ఒక్కసారైనా ఉటంకించామా? నేనూ ఉటంకించలేదు. ఆ తండ్రి వచ్చేదాకా నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

ఇక ప్రముఖుల మరణాల విషయం. ప్రముఖుడు పోయినప్పుడు అతనితోపాటు పోయినవారు మరుగున పడతారు. 1991 మే 21 రాత్రి విశాఖపట్నం సభ ముగించుకుని వచ్చిన రాజీవ్ గాంధీ శ్రీపెరుంబుదూరులో హతులయ్యారు. ఆ పేలుడులోనే కాంగ్రెసు కార్యకర్తలు, బందోబస్తు పోలీసులు పది మందికి పైగా మరణించారు. చదువుకున్నవారిని అడగండి, వారిలో ఒక్క పేరు చెప్పగలిగినవారు అరుదు.

2006 ఏప్రిల్ 12న కన్నడ కంఠీరవుడు డాక్టర్ రాజ్‌కుమార్ కన్నుమూశారు. బెంగుళూరులో మహోద్రేకం చెలరేగింది. బస్సులు తగలబడ్డాయి. ఒక పోలీసు సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. నేనప్పుడు కొత్తగా నల్లకోటు వేసుకున్న జూనియరును. మర్నాడు ఊరికి ఫోను చేస్తే మా అమ్మ చెప్పిన మొదటి మాట, బయట తెలుగులో గట్టిగా మాట్లాడవద్దని. నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులలో తెలుగువాడినని నన్ను ఒక్కరు ఒక్క మాట అనలేదు. భయం మాదే, ఎవరూ పెట్టలేదు. అయినా ఆ భయం అబద్ధం కాదు. అటువంటి రోజున పరాయివాడిగా కనబడకూడదన్న జాగ్రత్త అల్పసంఖ్యాకుడి రక్తంలో ఉంటుంది. ఆ సాయంత్రమే మా పక్కింటి అవ్వ దీపం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చిందని తరువాత తెలిసింది. ఆమెకు కన్నడ సినిమాలు అంతగా తెలియవు. 1954లో తెలుగులో వచ్చిన "కాళహస్తి మహాత్మ్యం"లో కన్నప్పగా నటించినది రాజ్‌కుమారే. ఆమె ఏడ్చింది ఆ కన్నప్ప కోసం. అవ్వ తెలుగులో ఏడ్చిన ఏడుపు కన్నడ నటుడి కోసమేనని వీధిలోకి వచ్చి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ కలుగలేదు. కలిగి ఉంటే వీధివారు అక్కున చేర్చుకునేవారని నేడు నా నమ్మకం.

2020 సెప్టెంబరు 25న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చెన్నైలో మరణించారు. హరికథకుడైన తెలుగు తండ్రికి పుట్టి, మద్రాసులో స్థిరపడి, తెలుగులో తమిళంలో కన్నడంలో ఏ భాషవారికి ఆ భాషవాడై పాడిన మనిషి. తామరైపాక్కంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మరుసటి ఏడాది పద్మవిభూషణుల జాబితాలో ఆయన పేరు ఎదుట రాష్ట్రం గడిలో తమిళనాడు అని ఉంది. మన మిత్రులలో కొందరికి అది కష్టం తోచింది. నాకు తోచలేదు. ఆయన జీవించినది అక్కడ, మన్ను కలిసినది అక్కడ. తెలుగువాడు తమిళనాటి గౌరవంగా లెక్కకెక్కడం మనం అడిగేదానికి విరుద్ధమెలా అవుతుంది? మనం అడిగేదే అది కదా. గొప్పవాడు పోతే రెండు రాష్ట్రాలు మావాడంటే మావాడని ముందుకు వస్తాయి. ఆ చొరవ కర్మాగారంలో పోయినవాడికి, స్టేషనులో పోయినవాడికి కూడా కావాలి.

మన సంఘాలకూ ఒక మాట. సినీనటులు పోయినప్పుడు మనం హాలు తీసుకుని, పూలదండలు వేసి, ఉపన్యాసాలిచ్చి సంతాపసభలు జరుపుతాము. బాగానే ఉంది. 2006 జులై 11న ముంబయి లోకల్ రైళ్ళ పేలుళ్ళలో 180 మందికి పైగా, 2008 నవంబరు దాడులలో 166 మంది మరణించారు. కామాటిపురలో, వర్లీలో, భివండీలో మన వారు తరతరాలుగా ఉన్న ప్రాంతమది. అటువంటి రాత్రి ఆసుపత్రి దగ్గర ఒక బల్ల వేసుకుని, "తెలుగు తెలిసినవారున్నాము, ఇక్కడికి రండి" అని అట్టముక్క మీద రాసి కూర్చోవడానికి మనలో నలుగురి పేర్లు ముందే సిద్ధంగా ఉన్నాయా? సోలాపూరులో, బెంగుళూరులో, బరంపురంలో ఉన్నాయా? ఆ నలుగురూ సంగమనేరు తండ్రి వంటివాడు ఎదురుపడితే అతని భాష తెలిసినవాణ్ణి కూడా వెతికి తీసుకురావాలి.

ఈ మధ్య మా జిల్లా యంత్రాంగానికి ఒక విన్నపం ఇచ్చాను. ప్రమాద, హింసా మరణాల సందర్భంలో కుటుంబసభ్యుల వాఙ్మూలం వారికి తెలిసిన భాషలో చదివి వినిపించాలని, దుబాసీ పేరు కాగితం మీద రాయాలని, సహాయ దరఖాస్తులు తెలుగులో కూడా అచ్చువేయాలని అందులో కోరాను. తెలుగులోనే రాశాను, పైన 350వ అధికరణం సంఖ్య వేశాను. గుమాస్తా మొదట కన్నడంలో రాసుకురమ్మన్నాడు. సంఖ్య చూపించాక లోపలికి వెళ్ళి వచ్చి, ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. నెలన్నర తరువాత కన్నడంలో జవాబు వచ్చింది: విషయం పరిశీలనలో ఉన్నది, ఫలానా తేదీన స్వయంగా హాజరై వివరించవలెను.

ఆ తేదీ సంగతి తెలిసి, కొడుకును పోగొట్టుకున్న ఆ తండ్రి నాతో వస్తానన్నాడు. ఏం మాట్లాడాలో రాసివ్వమంటావా అని అడిగితే వద్దన్నాడు.