యంత్రానికి ఏ వేషం?

కృత్రిమ మేధతో పాత్రలు ఆడించి పిల్లలకు డేటా నీతి నేర్పాలంటున్నారు. మంచిదే. కానీ ఏ కథ ఆడిస్తారు? తెలంగాణలో కంప్యూటర్ లెక్కను నమ్మి, గడప తొక్కి విచారించకుండానే లక్షల రేషన్ కార్డులు రద్దు చేశారు. వాటిని క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఆ కథే ఆడించండి.

యంత్రానికి అధికారి వేషమివ్వండి. కార్డు పోయిన వితంతువుగా విద్యార్థినే నిలబెట్టండి. ఆ వేషమూ యంత్రానికే ఇస్తే పేదల గోడు కల్పనైపోతుంది. అసలు పేర్లు, ఆధార్ సంఖ్యలు అందులో వేస్తే నీతిపాఠమే అపచారం.

ఫైళ్ల మధ్య బతికినవాళ్లం మేము. తిరస్కరించిన దరఖాస్తు కింద కూడా ఒక సంతకం ఉండేది. "ఈ నిర్ణయం కింద సంతకం ఎవరిది?" మన పిల్లలు నేర్వవలసిన మొదటి ప్రశ్న ఇదే.