మందు వేసుకుంటే వ్రతభంగం కాదు



పాతబస్తీ గల్లీలలో అర్చకత్వం చేసేవారి వద్దకు గుట్టుగా వచ్చే వేదన ఒకటుంది. పూజ ముగిసి జనం వెళ్లేదాకా ఒక తల్లి ధ్వజస్తంభం వద్ద కూర్చుంటుంది. చివరికి కొంగు నోటికి అడ్డుపెట్టుకుని అడుగుతుంది: "మావాడికి చెవిలో ఎవరో మాట్లాడుతున్నారట పంతులుగారూ, ఏ గాలి సోకిందో చూడండి."

సుమారు ఇరవై ఏళ్ల క్రితం ఇలా వచ్చిన ఒక తల్లికి నేను రక్షరేకు ఇచ్చి, మండలం రోజులు ప్రదక్షిణలు చేయించమన్నాను. వైద్యుని మాట ఎత్తలేదు. ఆ కుర్రవాడు చదువు మాని, నిద్ర మాని, ఒక రాత్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. వెతికి పట్టుకుని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు చేర్చేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాది నా ఖాతాలోనిదే.

ఆ వ్యాధి పేరు స్కిజోఫ్రీనియా. ప్రపంచంలో రెండు కోట్లమందికి పైగా దీనితో బాధపడుతున్నారు. తరచుగా యౌవనంలోనే మొదలవుతుంది. ఎవరూ లేకున్నా మాటలు వినబడతాయి, అయినవారిపైనే అనుమానం కలుగుతుంది, మనిషి తనలోకి తాను ముడుచుకుపోతాడు.

"అమ్మవారు పలకడం లేదా?" అని మీరు అడుగవచ్చు. బోనాల వేళ రంగంలో పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి వినిపించే సంప్రదాయం మనది. అది తిథి ఎరిగి, క్రతువు మధ్య, భక్తుల ఎదుట వచ్చి శాంతిస్తుంది. నెలల తరబడి నిద్రాహారాలు దూరంచేసి, తిట్టి, బెదిరించి, చావమని పురికొల్పే గొంతు వేరు. దానిని అమ్మవారికి అంటగట్టడం అపచారం.

చరకుడు ఈ మాట ఎప్పుడో చెప్పాడు. ఉన్మాద నిదానంలో దేవతలను, పిశాచాలను రోగానికి కారణంగా నిందించవద్దంటాడు. అక్కడ ఆయన ప్రజ్ఞాపరాధాన్ని కారణంగా చూపుతాడు గనుక, ఆ ముక్క పట్టుకుని రోగినే దోషిగా నిలబెట్టేవారూ లేకపోలేదు. నేటి వైద్యం అలా అనదు. వంశపారంపర్యం, మెదడులోని రసాయనాల తేడా, జీవితపు ఒత్తిళ్లు కలిసి ఈ వ్యాధిని తెస్తాయంటుంది. చికిత్స విషయంలో మాత్రం చరకుని మాట నేటికీ పనికివస్తుంది. మంత్ర హోమాదులతో కూడిన దైవవ్యపాశ్రయం, ఆహార ఔషధాలతో కూడిన యుక్తివ్యపాశ్రయం, మనస్సును అహితం నుండి మరల్చే సత్త్వావజయం అని మూడింటినీ చెప్పాడాయన. మొదటిది పట్టుకుని రెండవది వదిలేయమని ఎక్కడా చెప్పలేదు.

దీక్ష పట్టగానే, ఏకాదశి రాగానే మాత్రలు మానేసేవారిని చూస్తున్నాను. వ్రతాన్ని భంగపరచనివి ఎనిమిదింటిని పెద్దలు లెక్కించారు. నీరు, పాలు, పండు వంటి వాటితోపాటు ఔషధమూ అందులో ఉంది. రుద్రాధ్యాయంలో శివుడు మొదటి దైవవైద్యుడని నిత్యం చదువుకునే మనకు మందుబిళ్లపై ఇంత అనుమానమెందుకో!

మందుతో మత్తు, వణుకు, ఒళ్లు రావడం కలుగుతాయి, నిజమే. అవి వైద్యునికి చెబితే మోతాదైనా, మందైనా మారుస్తారు. గుణం కనిపించగానే ఎవరికీ చెప్పకుండా ఆపేస్తే మాత్రం వ్యాధి తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది.

అలాగని గుడి నిష్ప్రయోజనమా? తమిళనాట ఒక ఆలయంలో బసచేసిన 31 మంది మానసిక రోగులను పరిశీలించిన పరిశోధకులు 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ వివరాలు ప్రచురించారు. ప్రత్యేక చికిత్స ఏదీ లేకున్నా, కొద్ది వారాలలో లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయట. ఆదరించే చోటు, చేతికి చిన్న పని, కసురుకోని మనుషులు, అంతే. మిగిలిన 80 శాతం మాట ఆలోచించండి. అదే తమిళనాట 2001 ఆగస్టు 6న ఏర్వాడిలో, దర్గాను నమ్మి వచ్చిన మనోరోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేయబడినవారు కదలలేక 28 మంది ఆహుతయ్యారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగిని గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది.

ఎవరితో చెప్పుకోవాలో తెలియని గృహస్థులు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ప్రభుత్వపు ఈ టెలిమానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆ కుర్రవాడు ఇప్పుడు నడివయసుకు వస్తున్నాడు. మేనమామ దుకాణంలో లెక్కలు చూస్తాడు. గొంతులు పూర్తిగా పోలేదు, దూరంగా వినబడతాయట, పట్టించుకోనంటాడు. నెలకొకసారి ఇంజెక్షన్ రోజున ముందు గుడికి వచ్చి తీర్థం పుచ్చుకుని, తరువాత ఎర్రగడ్డ బస్సెక్కుతాడు. కిందటి నెల ఆ రోజు గుడిలో కనబడకపోతే, శఠగోపం పక్కన పెట్టి నేనే ఫోన్ చేశాను. అప్పటికే బస్సులో ఉన్నాడు.