గుండ్రని సూక్ష్మనాళికలను మన కళాశాలలలోనే నిర్మింపుడు

ఇంజనీరింగు, ఫార్మసీ, జీవసాంకేతిక కళాశాలల యాజమాన్యములకును, అధ్యాపకులకును, విద్యార్థులకును విజ్ఞప్తి

వెండ్రుకవంటి సన్నని నాళికలలో ద్రవములను నడిపించి, రక్తపరీక్షలను, ఔషధపరీక్షలను అరచేత నిముడు ఫలకముపై జరుపు మైక్రోఫ్లూయిడిక్ చిప్పుల విద్య, 1998లో హార్వర్డునందు జార్జి వైట్‌సైడ్స్ బృందము పీడీఎంఎస్ అను సిలికోను రబ్బరుతో వానిని శీఘ్రముగా పోతపోయు పద్ధతిని ప్రకటించినది మొదలు లోకమంతటను వ్యాపించినది. అయితే కాంతిచే తీర్చిన అచ్చునుండి వెలువడు నాళిక సామాన్యముగా నలుపలకలది. మన దేహమందలి రక్తనాళమో, గుండ్రనిది.

ఈ భేదము స్వల్పమని తలంపరాదు. గుండ్రని గొట్టమున ప్రవాహము గోడ నంతటను సమానముగా నొరయును. మూలలు గల నాళికయందు ఆ యొరపిడి మూలలకడ శూన్యమగును. రక్తనాళముల లోపొరయందలి కణములు ఈ యొరపిడి ననుసరించియే తమ ఆకారమును, నడవడిని దిద్దుకొనును గావున, నలుపలకల నాళికలో పెంచిన కణముల సాక్ష్యము మాత్రమే నమ్మి ఔషధగుణమును నిర్ణయింపబూనుట యుక్తము గాదు. 2023లో కేంద్రప్రభుత్వము నూతన ఔషధముల నియమములను సవరించి, జంతుపరీక్షలకు బదులుగా, అవయవకణములను చిప్పుపై పెంచి పరీక్షించు ఆర్గాన్ ఆన్ చిప్ వంటి పద్ధతులకు తావొసగినది. హైదరాబాదు ఔషధపరిశ్రమకు ఈ విద్య నెఱిగిన యువతీయువకుల యవసరము పెరుగక మానదు.

గుండ్రని నాళికల నిర్మాణమునకు బహువ్యయసాధ్యమగు క్లీన్‌రూము లేనిదే పని జరుగదను భయము వలదు. చిన్న పెట్టెకు ఇరుపక్కల రంధ్రములు పొడిచి, చేపల గాలమునకు కట్టు నైలాను తీగను వానిగుండ బిగువుగా లాగి కట్టి, పదిపాళ్ల పీడీఎంఎస్ ద్రవమునకు ఒకపాలు గట్టిపఱచు ద్రవ్యమును కలిపి, వాక్యూమ్‌చే బుడగలను తొలగించి పోసి, 65 డిగ్రీల సెల్సియస్ ఓవెనులో కొన్ని గంటలుంచినచో, అది తేటయైన రబ్బరుదిమ్మ యగును. పిమ్మట తీగను మెల్లగా లాగివేసిన, దాని మందమునకు సరిపడు గుండ్రని బాట మిగులును. తీగ పట్టుకొన్నచో, దిమ్మను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో నానబెట్టి లాగవలెను.

ఈ పద్ధతిచే శాఖలుగా చీలు నాళములు రావనుట నిజమే. అందులకు 2015లో నెదర్లాండ్సునందలి వాగెనింగెన్ పరిశోధకులు మార్గము చూపిరి: త్రీడీ ప్రింటరుతో ఏబీఎస్ ప్లాస్టిక్కున ముద్రించిన శాఖలను పీడీఎంఎస్‌లో పాతి, అది గట్టిపడిన పిదప అసిటోనుతో కరిగించివేయుటయే ఆ మార్గము.

కావున మా విన్నపములు మూడు:

1. ఈ ప్రయోగమును ప్రతి కళాశాలయు పాఠ్యప్రణాళికలో చేర్చవలెను.

2. విద్యార్థి తాను చేసిన నాళికను అడ్డముగా కోసి, సూక్ష్మదర్శిని క్రింద నిలువు, అడ్డపు వ్యాసములను కొలిచి, అది ఎంత గుండ్రముగా వచ్చినదో రికార్డులో వ్రాయవలెను.

3. రక్తనాళపు నమూనాలపై వ్రాసిన ప్రతి సిద్ధాంతవ్యాసమునందును నాళిక అడ్డుకోత ఫొటోను చేర్చుట విధిగా నుండవలెను.

ఓవెను, వాక్యూమ్ పంపు, సూక్ష్మదర్శిని అనేక ప్రయోగశాలలలో నిదివరకే యున్నవి. అధ్యాపకులారా, వచ్చు విద్యాసంవత్సరము నుండియే పని ప్రారంభింపుడు!