వెళ్ళిన వారందరూ విడిచిన వారు కారు

ఒక దేశంలో ఏండ్ల తరబడి నివసించి, అక్కడ పనిచేసి, పన్నులు చెల్లించి, బిడ్డలను పెంచిన మనిషి కొంతకాలం మరొక చోట గడిపి తిరిగి వస్తే అతనిని ఏమని పిలవాలి? కొత్తగా వచ్చినవాడనా, ఇంటికి చేరినవాడనా? చూడటానికి ఈ ప్రశ్న చిన్నదే. కాని దానికి ప్రభుత్వాలు ఇచ్చే సమాధానం మీద ఎన్నో కుటుంబాల జీవితం ఆధారపడి ఉన్నది. మన విద్యార్థులలో ఎందరి బంధువులో విదేశాలలో స్థిరపడి ఉన్నారు. రేపు మరికొందరు వెళ్ళనున్నారు. కనుక ఈ విషయాన్ని విచారించడం అవసరమని మేము భావిస్తున్నాము.

పౌరసత్వం వేరు, శాశ్వత నివాసం వేరు. పౌరుడు ఎంతకాలం బయట ఉన్నా తన దేశానికి తిరిగి రావచ్చు. శాశ్వత నివాసి హక్కుకు మాత్రం గడువు ఉన్నది. బ్రిటన్‌లో స్థిర నివాసపు అనుమతి పొందినవారు రెండేండ్లకు మించి బయట ఉంటే సాధారణంగా ఆ అనుమతి రద్దవుతుంది. తిరిగి రావాలంటే 'తిరిగివచ్చు నివాసి' వీసా కోరాలి. ఆ దేశంతో గట్టి సంబంధాలు ఉన్నాయనీ, అక్కడే స్థిరంగా ఉండదలచామనీ రుజువు చూపాలి. ఆస్ట్రేలియాలో నివాసం శాశ్వతమే అయినా, దానితో వచ్చే రాకపోకల అనుమతి అయిదేండ్లకే పరిమితం. ఆపైన బయటికి వెళ్ళి తిరిగి రావాలంటే వేరొక వీసా కావాలి. అమెరికాలో ముందుగా పునఃప్రవేశ పత్రం తీసుకొనకుండా ఏడాదికి మించి బయట ఉంటే గ్రీన్ కార్డు ఒక్కటే ప్రవేశానికి చాలదు. రాయబార కార్యాలయంలో ప్రత్యేక వీసా కోరి మూడు సంగతులు నిరూపించాలి. వెళ్ళేనాటికి తాను శాశ్వత నివాసి. తిరిగి రావాలన్న సంకల్పాన్ని ఎన్నడూ వదులుకోలేదు. ఆలస్యానికి కారణం తన చేతిలో లేనిది.

ఏ దేశమైనా తన నేలమీద ఎవరు నివసిస్తున్నారో తెలుసుకోగోరడం సహజమే. నివాసపు హక్కును కేవలం సౌకర్యంగా దాచుకొని మరొక చోట కాపురముండే వారూ ఉంటారు. నియమమే వద్దని మేము అనడం లేదు. మనిషి అనుబంధాన్ని క్యాలెండరుతో మాత్రమే కొలవడం, రుజువు భారమంతా ఆ మనిషి మీదనే మోపడం న్యాయం కాదని మా వాదన.

ఈ భారం ఎంత బరువైనదో బ్రిటన్ అనుభవమే చెబుతున్నది. 1948లో 'ఎంపైర్ విండ్రష్' ఓడలో కరీబియన్ దీవుల ప్రజలు అక్కడికి చేరారు. ఆ ఓడ పేరుతోనే ఆ తరాన్ని విండ్రష్ తరమంటారు. 1973కు పూర్వం కామన్వెల్తు దేశాల నుండి వచ్చి స్థిరపడిన వారికి అక్కడ ఉండే హక్కును చట్టం గుర్తించింది. కాని అనేకుల చేతికి ఏ పత్రమూ ఇవ్వలేదు. వారి రాకకు సాక్ష్యం కాగల పాత ప్రవేశ చీట్లను 2010లో ప్రభుత్వ శాఖయే నాశనం చేసింది. దరిమిలా పత్రాలు చూపమని అడిగేసరికి కొందరు ఉద్యోగాలు, వైద్యం కోల్పోయారు. కొందరిని నిర్బంధించారు. బంధువులను చూడటానికి జమైకా వంటి చోట్లకు వెళ్ళిన కొందరు తిరిగి రాలేకపోయారు. 2018లో ఈ అన్యాయం బయటపడగా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, ప్రత్యేక పథకం ప్రకటించింది. బయట చిక్కుకొన్న వారు రుసుము లేకుండా తిరుగు ప్రవేశం కోరే వీలు కల్పించింది. అయితే ఆ లోపల గడచిపోయిన వార్ధక్యాన్ని ఏ పథకం తిరిగి ఇవ్వగలదు?

మన తెలుగు కుటుంబాలకు ఈ సమస్య మరొక రూపంలో ఎదురవుతున్నది. అమెరికాలో పౌరులైన పిల్లలు తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు ఇప్పిస్తారు. చలికో, ఒంటరితనానికో తాళలేక ఆ వృద్ధులు హైదరాబాదుకో గుంటూరుకో వస్తారు. ఇక్కడ జబ్బుపడితే ఏడాది ఇట్టే దాటిపోతుంది. 2020 మార్చి 23న మన దేశంలో ఆగిపోయిన క్రమబద్ధమైన అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న గాని పునఃప్రారంభం కాలేదు. నడుమ ప్రత్యేక విమానాలు నడిచినా వయసు మళ్ళినవారికి ఆ ప్రయాణం సులభం కాలేదు. విమానం లేక నిలిచిపోయినవాడు దేశాన్ని విడిచినవాడు ఎలా అవుతాడు?

పరాయి దేశాలను తప్పుపట్టి ఊరుకోవడం ధర్మం కాదు. 1947 తరువాత మన దేశమే ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. భయంతో పాకిస్తాను వెళ్ళి, శాంతి నెలకొన్నాక ఇల్లు చేరాలనుకొన్న వారికి 1948 జులై 19 నుండి పర్మిటు పద్ధతి అమలులోకి వచ్చింది. శాశ్వతంగా తిరిగి వచ్చేందుకు పర్మిటు పొందినవారికి పౌరసత్వపు ద్వారాన్ని రాజ్యాంగం 7వ అధికరణం తెరచి ఉంచింది. 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో దీనిమీద తీవ్రమైన చర్చ జరిగింది. వెళ్ళినవారు విడిచినవారేనని కొందరు వాదించగా నెహ్రూ ఆ నిబంధనను సమర్థించారు. ద్వారం ఇరుకైనదే, పర్మిటు దొరకని వారూ ఉన్నారు. అయినా వెళ్ళడం, విడవడం ఒకటి కావని ఆ సభ అంగీకరించింది.

ఆ భావమే 2005 నాటి చట్ట సవరణలో మరింత విశాలమైంది. విదేశీ పౌరులైన భారత సంతతి వారికి జీవితాంతం రాకపోకలకు వీలిచ్చే ఓ.సి.ఐ. పథకం 2006 జనవరిలో మన హైదరాబాదులోనే ప్రారంభమైంది. ఎన్ని ఏండ్లు బయట ఉన్నా ఆ హక్కు కాలంతో కరిగిపోదు. పాకిస్తాను, బంగ్లాదేశ్ పౌరులైన వారికి అది వర్తించకపోవడం పాత గాయపు మచ్చ.

ప్రభుత్వాలను మేము కోరేది స్వల్పం. రోగము, యుద్ధము, మహమ్మారి వంటి కారణాలతో గడచిన కాలాన్ని గడువులో లెక్కించకూడదు. నిరూపించమని వృద్ధుని అడిగే ముందు తమ వద్దనే ఉన్న పన్నుల, పాఠశాలల, పింఛనుల దస్త్రాలను అధికారులే వెదకాలి.

విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీ పెద్దల ప్రయాణపు తేదీలు, గడువులు వ్రాసి ఉంచండి. అవసరమైన పత్రం బయలుదేరక ముందే తీసుకొనండి. పాత పాస్‌పోర్టులు, వైద్యుల చీట్లు పారవేయకండి. కళాశాల సంఘం వారు సైతం పాత ప్రవేశ రిజిస్టర్లను భద్రపరచి, అడిగినవారికి ధ్రువపత్రాలు జాప్యం లేకుండా ఇప్పించాలని కోరుతున్నాము. ఎక్కడో ఒక అధికారి బల్లమీద మన పూర్వ విద్యార్థి భవిష్యత్తును నిలబెట్టేది ఆ చిన్న కాగితమే కావచ్చును.